పేరున్న బార్బెక్యూ హోటల్లో నిరాశపరిచిన భోజనం: లోపం కట్టెల పొగతో వండే పొయ్యి (పిట్)లోనా, కోత బల్ల దగ్గరా?

నిదానపు నిప్పు:

అమెరికాలోని సెంట్రల్ టెక్సస్‌లో చాలా పేరున్న ఒక బార్బెక్యూ హోటల్‌కు పోయిన శనివారం కుటుంబంతో కలిసి వెళ్లి, నిరాశతో తిరిగి వచ్చాము. ఒక్క పూట భోజనాన్ని బట్టి ఎవరి పేరునూ బజారుకు ఈడ్చడం సబబు కాదు కనుక హోటల్ పేరు రాయడం లేదు. దయచేసి ఎవరూ అడగవద్దు. జరిగింది వివరంగా రాస్తాను, తెలిసినవారు కారణం చెప్పగలరని ఆశ.

మేము కౌంటర్ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది. లీన్ (కొవ్వు తక్కువ) బ్రిస్కెట్ ఒక పౌండు, మాయిస్ట్ (కొవ్వున్న) బ్రిస్కెట్ అర పౌండు, రిబ్స్ (పక్కటెముకల మాంసం), రెండు సాసేజ్‌లు తీసుకున్నాము. బ్రిస్కెట్ ధర పౌండుకు 34 డాలర్లు. లీన్ ముక్కను రెండు వేళ్లతో పట్టి ఎత్తగానే నడుమ తెగి కాగితం మీద పడింది. కోసిన ముఖం మీద తడి మెరుపు లేదు, అంచులు కాస్త పైకి లేచి ముడుచుకుపోయి ఉన్నాయి. నమిలితే పొడిపొడిగా విడిపోయి, నీళ్లు తాగితే గాని గొంతు దిగలేదు. పైన నల్లగా కట్టిన పెచ్చు మెత్తబడి, వేలు తగిలితే ఊడి వచ్చింది. మాయిస్ట్ అని ఇచ్చిన ముక్కల్లో మాంసం ఫరవాలేదు గాని, మధ్యలోని కొవ్వు కరగకుండా తెల్లగా, రబ్బరులా మిగిలిపోయింది. మింగిన తర్వాత నాలుక చివర చిన్న చేదు కూడా తగిలింది.

నాకు అంతుపట్టనిది ఏమిటంటే, అదే పళ్లెంలో వచ్చిన సాసేజ్ అద్భుతంగా ఉంది. కొరకగానే తొక్క టప్పున తెగి లోపలి రసం చేతి మీదికి కారింది. రిబ్స్ కూడా ఎముక నుంచి పంటి ఒత్తిడికి తగ్గట్టుగా చక్కగా విడివడ్డాయి. నిప్పు చేతనైన వాళ్లే వండారన్నది స్పష్టం. అలాంటప్పుడు ఆ హోటల్‌కు పేరు తెచ్చిన బ్రిస్కెట్ ఒక్కటే ఎందుకు ఇలా వచ్చింది?

వంటింటి గుమాస్తా:

మీ నిరాశ అర్థమైంది గాని, పౌండు లీన్ తీసుకోవడం దగ్గరే సగం పందెం ఓడిపోయినట్టు. బ్రిస్కెట్ అంటే పశువు ఛాతీ భాగం. అందులో రెండు కండరాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. కింద పలచగా, కొవ్వు తక్కువగా, నార అంతా ఒకే దిక్కుగా సాగేది ఫ్లాట్. దాని మీద ఒక వైపు మందంగా, లోపల కొవ్వు చారలతో ఉండేది పాయింట్. లీన్ అని అడిగితే ఫ్లాట్ నుంచి, మాయిస్ట్ అని అడిగితే పాయింట్ నుంచి కోసి ఇస్తారు. పశువు రోజంతా నిలబడటానికీ నడవటానికీ వాడే కండరాలు కావడంతో రెండింటిలోనూ కొలాజెన్ అనే గట్టి బంధక పదార్థం దండిగా ఉంటుంది. అది మెత్తని జిలెటిన్‌గా మారేదాకా వండితే గాని పన్నుకు లొంగవు. పాయింట్‌లో కొవ్వు ఉంది కనుక వంటవాడు కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. ఫ్లాట్‌కు ఆ ఓర్పు లేదు.

కొలబద్ద:

గుమాస్తా గారూ, ఆ వాదన నాకు మింగుడు పడటం లేదు. కష్టమైన ముక్కను మెనూలో పెట్టి, పౌండుకు 34 డాలర్లు తీసుకుని, బాగాలేదంటే "మీరు తేలికైనది అడగాల్సింది" అనడం ఏం న్యాయం? ఫ్లాట్‌ను తడి పోకుండా వండటంలోనే కదా ఆ హోటళ్ల పేరంతా ఉంది. పాయింట్ ఎవరు వండినా తినగలం.

రాత్రి షిఫ్టు:

నేను కొంతకాలం ఒక బార్బెక్యూ వంటశాలలో రాత్రిపూట పిట్‌ల దగ్గర పనిచేశాను. నిదానపు నిప్పు గారు లక్షణాలు బాగా గమనించి రాశారు గనుక ఒక్కొక్కటిగా చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీరు మధ్యాహ్నం తిన్న బ్రిస్కెట్ ముందురోజే పిట్ ఎక్కి ఉంటుంది. పిట్‌లో వేడి 250 నుంచి 275 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నడిపితే, పెద్ద బ్రిస్కెట్ ఒకటి వండటానికి 12 గంటల పైమాటే. మాంసం లోపలి వేడి 150, 160 డిగ్రీల దగ్గరకు చేరాక గంటల తరబడి కదలదు. కొత్తవాళ్లు నిప్పు చల్లారిందేమోనని కంగారు పడి కట్టెలు ఎక్కిస్తారు. నిజానికి మాంసం పైకి ఊరే తడి ఆవిరవుతూ, పిట్ ఇచ్చే వేడిని ఇచ్చినట్టే తీసుకుపోతుంది. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లబడినట్టే ఇదీ. పైభాగం తగినంత ఎండి ఆ ఆవిరి తగ్గాకే లోపలి వేడి మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. ఈ దశలో చాలామంది బ్రిస్కెట్‌ను బుచర్ పేపర్‌లో, అంటే మాంసం చుట్టే మందపాటి కాగితంలో చుడతారు. చివరికి 200 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చి, సన్నని చువ్వ గుచ్చితే అడ్డం లేకుండా దిగినప్పుడు దించుతారు.

ఇంతవరకూ అందరూ మాట్లాడుకునే కథే. మీ పళ్లెంలో జరిగింది చాలావరకు దీని తర్వాతి కథ. దించిన బ్రిస్కెట్‌ను కొంత చల్లారనిచ్చి, వార్మర్‌లో, అంటే వండినదాన్ని వేడిగా ఉంచే పెట్టెలో, చుట్టిన కాగితంతోనే పెట్టి, అమ్మకం వేళదాకా ఉంచుతారు. అమెరికా ఆహార నియమావళి ప్రకారం వేడిగా నిల్వ ఉంచే మాంసం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగకూడదు. అందుకని జాగ్రత్తగా నడిపే వంటశాలలు వార్మర్‌ను 140, 150 డిగ్రీల మధ్య పెడతాయి. ఆ వేడిలో రాత్రంతా ఉన్నా బ్రిస్కెట్ పాడవదు సరికదా, కొలాజెన్ నెమ్మదిగా ఇంకా కరిగి మెరుగవుతుంది. అదే వార్మర్ 170 దాటితే అది నిల్వ అనిపించుకోదు, వంట కొనసాగుతున్నట్టే లెక్క. పలచని ఫ్లాట్ ముందుగా పొడిబారుతుంది. చుట్టిన కాగితంలో ఆవిరి నిలిచి, పిట్‌లో అంత కష్టపడి కట్టించిన పెచ్చు నానిపోతుంది. మీ ముక్కకు పెచ్చు ఊడిరావడం ఇలా నానడం వల్లే కావచ్చు.

ఇక అంచులు ముడుచుకున్నాయన్నారు. అది పిట్‌దీ కాదు, వార్మర్‌దీ కాదు. అప్పుడే కోసిన ముక్కకు అంచు ముడవదు. కోసి బల్ల మీద పెట్టిన ముక్క కొన్ని నిమిషాల్లోనే రంగు మారి, మెరుపు పోయి, అంచు లేస్తుంది. పైన దీపపు వేడి ఉంటే మరీ త్వరగా. మీకు కోస్తున్నప్పుడు చూశారా?

నిదానపు నిప్పు:

చూశాను. నా వంతు వచ్చేసరికి బల్ల మీద ఒక పక్కన లీన్ ముక్కలు ముందే కోసి పేర్చి ఉన్నాయి. కత్తి పట్టుకున్న అబ్బాయి వాటిలోంచి తీసి తూకం వేశాడు. మాయిస్ట్ మాత్రం నా ఎదుటే కోశాడు. అది అప్పుడు ముఖ్యమైన సంగతిగా తోచలేదు.

ఇంకొక సందేహం కూడా మీ ముందు ఉంచుతాను. లీన్ ముక్క విరిగిపోయిందంటే ఎక్కువ ఉడికిందనుకుందాము. అదే హోటల్లో, అదే పూట, పాయింట్‌లో కొవ్వు కరగలేదంటే తక్కువ ఉడికినట్టే కదా. రెండూ ఒకే పళ్లెంలోకి ఎలా వచ్చాయి?

రాత్రి షిఫ్టు:

అడగవలసిన ప్రశ్న అడిగారు. పొడిగా ఉన్న బ్రిస్కెట్ అనగానే ఎక్కువ వండారని చాలామంది తీర్మానిస్తారు. అది సగం సార్లే నిజం. కొలాజెన్ ఇంకా కరగని మాంసం కూడా నోటికి పొడిగానే తగులుతుంది, ఎందుకంటే నారల మధ్యకు జిలెటిన్ చేరలేదు. తేడా తెలుసుకోవడానికి ముక్కను వేలి మీద వేలాడేసి చూడాలి. సరిగా ఉడికిన ముక్క రెండు వైపులా వంగి, తన బరువుకు తెగకుండా నిలుస్తుంది, రెండు చివర్లు పట్టి కొంచెం లాగితే విడిపోతుంది. తక్కువ ఉడికినది వంగదు, లాగినా సాగి మొరాయిస్తుంది. ఎక్కువ ఉడికినది ఎత్తగానే తెగుతుంది. మీ లీన్ ముక్క మూడో రకం, అందులో అనుమానం లేదు.

పాయింట్ విషయానికి రండి. రెండు ముక్కలూ ఒకే బ్రిస్కెట్‌వి కావన్నది మొదటి అవకాశం. శనివారం మధ్యాహ్నం ఒక పెద్ద హోటల్ కౌంటర్ మీదికి గంటకు ఎన్నో బ్రిస్కెట్‌లు వచ్చి పోతుంటాయి. పొద్దున మొదట దించినవాటికీ, చివర తొందరపడి దించినవాటికీ పోలిక ఉండదు. రెండో అవకాశం ఒకే బ్రిస్కెట్‌లోనూ జరిగేదే. ఆఫ్‌సెట్ పిట్‌లో నిప్పు పెట్టె ఒక కొసన ఉంటుంది, వేడి అటువైపే ఎక్కువ. అందుకే మందమైన పాయింట్ కొసను నిప్పు వైపు, పలచని ఫ్లాట్ కొసను పొగగొట్టం వైపు పెడతారు. పిట్ నిండా కిక్కిరిసినట్టు పేర్చిన రాత్రి, చోటు చాలక కొన్నింటిని తిరగేసి పెట్టే పిట్ మాస్టర్లను నేను చూశాను. అలా పెడితే ఫ్లాట్ మాడుతుంది, పాయింట్ వెనకబడుతుంది. ఏది జరిగిందో బయటి నుంచి చెప్పలేము.

ఉప్పూ మిరియమూ:

చేదు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా ఉద్దేశంలో అది అన్నిటికంటే పెద్ద లోపం. కట్టె సరిగా మండక పొగలు కక్కితే, తెల్లగా దట్టంగా వచ్చే ఆ పొగలోని తారు వంటి పదార్థాలు మాంసం మీద పేరుకుని చేదు పుట్టిస్తాయి. బాగా ఆరిన పోస్ట్ ఓక్ (ఒక రకం ఓక్ చెట్టు) కట్టెను గాలి ఆడనిచ్చి మండిస్తే పొగ పలచగా, ఒకోసారి కంటికి ఆననంత లేతగా వస్తుంది. రుచి ఇచ్చేది ఆ పొగే. సెంట్రల్ టెక్సస్ పద్ధతిలో మసాలా అంటే ఉప్పూ మిరియాల పొడీ తప్ప పెద్దగా ఏమీ ఉండదు, కాబట్టి పొగలో తప్పు జరిగితే దాన్ని కప్పిపుచ్చడానికి మరేదీ లేదు.

వంటింటి గుమాస్తా:

ఒక మాట అడుగుతాను. ముక్క అంచున ఎర్రటి గీత ఉందా? అది బాగా కనిపిస్తే పొగ బాగానే పట్టిందని అనుకోవచ్చు కదా?

రాత్రి షిఫ్టు:

ఆ గీతను చూసి రుచిని అంచనా వేయకండి. కట్టె మండినప్పుడు పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ వంటి వాయువులు మాంసానికి ఎరుపు రంగునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి, వేడికి మారని ఆ గులాబీ రంగును నిలుపుతాయి. నైట్రైట్ కలిపిన ఉప్పు రుద్ది మామూలు ఓవెన్‌లో పెట్టినా అదే రంగు వస్తుంది, పొగ వాసన మాత్రం ఉండదు. అందుకే కొన్ని పోటీల్లో న్యాయనిర్ణేతలను ఆ గీతకు మార్కులు వేయవద్దంటారు.

నిదానపు నిప్పు:

గీత ఉంది, బాగానే ఉంది. ఫొటోలో చాలా అందంగా వచ్చింది కూడా.

పాత పట్టిక:

చర్చ వంట మీదే నడుస్తోంది గాని, ఈ హోటళ్లకు పేరు ఎలా వస్తుందో, వచ్చాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. టెక్సస్ మంత్లీ పత్రిక 1997 నుంచి కొన్నేళ్లకు ఒకసారి 50 ఉత్తమ బార్బెక్యూ హోటళ్ల జాబితా వేస్తోంది. ఆ జాబితాలో స్థానం ఎంత పని చేస్తుందో తెలియాలంటే లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లోని స్నోస్ సంగతి చూడండి. శనివారం ఒక్కరోజే తెరిచే ఆ చోటును అప్పట్లో చుట్టుపక్కల వారు తప్ప పెద్దగా ఎవరూ ఎరిగి ఉండలేదు. 2008లో మొదటి స్థానం ఇచ్చారు. ఆ తర్వాత తెల్లవారకముందే జనం బారులు తీరడం మొదలైంది. ఆస్టిన్‌లోని ఫ్రాంక్లిన్ 2009లో ఒక ట్రైలర్‌లో మొదలై 2013 జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది, దాని యజమాని ఆరన్ ఫ్రాంక్లిన్‌కు 2015లో అమెరికాలో వంటవారికి ఇచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారం దక్కింది. 2021లో ఫోర్ట్ వర్త్ దగ్గరి గోల్డీస్ మొదటికి చేరింది. 2024లో హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ తొలిసారి టెక్సస్‌కు వచ్చి బార్బెక్యూ హోటళ్లకు కూడా నక్షత్రాలు ఇచ్చింది.

నేను వీటిలో ఏ హోటల్‌నూ తప్పుపట్టడం లేదు, నిదానపు నిప్పు గారు వెళ్లినది వీటిలో ఒకటని సూచించడమూ లేదు. నేను చెప్పేది వేరు. ఇంత పేరు వచ్చిన చోట గిరాకీ ఒక్కసారిగా రెట్టింపయినప్పుడు, వంటను రెట్టింపు చేయడానికి దారి ఏది? కట్టెల పిట్‌ను మీట నొక్కి పెంచలేము. ఇంకొక పిట్ పెట్టాలి, దానికి ఇంకొక మనిషి కావాలి, ఆ మనిషికి ఆ పిట్ గుణం పట్టుబడటానికి నెలలు పడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు పిట్‌లలో కూడా వేడి నిలిచే చోట్లు వేరువేరుగా ఉంటాయి. ఆ నెలల్లో వచ్చే కొనుగోలుదారులు శిక్షణకు రుసుము కడుతున్నట్టే లెక్క. జాబితాలో రాసిన భోజనం వేరు, ఆ జాబితా చదివి వెళ్లినవారు తినేది వేరు అని నా అభిప్రాయం.

కొలబద్ద:

పట్టిక గారితో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. జాబితాలు వేసేవారు ఏ వేళకు వెళ్లారో కూడా రాస్తే బాగుంటుంది. తలుపు తీసిన అరగంటలో తిన్నదానికీ మధ్యాహ్నం రెండింటికి తిన్నదానికీ ఒకే మార్కు ఎలా సరిపోతుంది? క్యూలో చివరన ఉన్న మనిషి కూడా మొదటివాడు ఇచ్చినంత డబ్బే ఇస్తున్నాడు. నన్నడిగితే, పేరున్న హోటల్‌ను పరీక్షించవలసింది రెండు గంటల వేళే.

ఉప్పూ మిరియమూ:

అది కొంచెం కఠినం. చాలా మంచి చోట్ల రెండు గంటలకు మాంసం అయిపోయి తలుపు మూసేస్తారు. అలా మూసేయడమే నాణ్యత కాపాడుకునే పద్ధతి. మాంసం మిగలకూడదని తక్కువ వండే హోటల్‌కూ, సాయంత్రం దాకా అమ్మాలని ఎక్కువ వండి వార్మర్‌లలో దాచే హోటల్‌కూ తేడా చూడాలి.

ఖర్చు సంగతి కూడా మరిచిపోకండి. పచ్చి బ్రిస్కెట్ పైకొవ్వు కోసి పారేసి, రాత్రంతా వండేసరికి కొన్న బరువులో సుమారు సగమే అమ్మకానికి మిగులుతుంది. పౌండుకు 34 డాలర్లన్నది మనకు ఎక్కువే, కానీ కొన్న పచ్చి మాంసం లెక్కలో అది సగం ధరే. ఒక బ్రిస్కెట్ పాడైందని పక్కన పెడితే ఎంత పోతుందో యజమానికి బాగా తెలుసు. పక్కన పెట్టవలసినదాన్ని తరిగి సాండ్‌విచ్‌లకు వాడితే ఆ నష్టం తగ్గుతుంది. బాగా నడిచే చోట్ల అదే చేస్తారు. పొడిబారిన ఫ్లాట్‌ను సన్నగా తరిగి, దాని రసంతో కలిపితే ఎవరూ వంక పెట్టరు. అలా చేయకుండా పళ్లెంలో ముక్కలుగా పరిచి లీన్ ధర తీసుకోవడం మాత్రం నాకూ నచ్చలేదు.

తొలి ప్రయాణం:

చర్చ చదువుతుంటే భయం వేస్తోంది. వచ్చే నెల మా అమ్మానాన్నలను అలాంటి ఒక చోటికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. నాన్నగారికి పళ్ల ఇబ్బంది ఉంది, అమ్మకు కొవ్వు పడదు. క్యూలో గంటలు నిలబెట్టి, చివరికి ఎండిన ముక్కలు తినిపించే పరిస్థితి రాకూడదు. ఏం చేయమంటారు?

వంటింటి గుమాస్తా:

శనివారం వద్దు. వారం మధ్యలో, తలుపు తీసే వేళకు వెళ్లండి. కొన్ని హోటళ్లు ముందుగానే పెద్ద ఆర్డర్లు తీసుకుని ఫలానా వేళకు ఇస్తాయి. పెద్దవారితో వెళ్లేటప్పుడు ఆ వెసులుబాటు ఉందేమో కనుక్కోండి. మీ నాన్నగారికి పాయింట్ నుంచి కోయమని అడగండి, అది నాలుక మీదే కరుగుతుంది. అమ్మగారికి టర్కీ ఛాతీ మాంసం బాగుంటుంది, చాలా చోట్ల దొరుకుతుంది, కొవ్వు దాదాపు ఉండదు. సాసేజ్ విషయంలో నిదానపు నిప్పు గారి అనుభవమే నాదీ. అక్కడి పాత హోటళ్లు చాలావరకు జర్మన్, చెక్ వలసదారుల మాంసపు కొట్లుగా మొదలైనవి. లాక్‌హార్ట్‌లోని క్రాయిట్స్ మార్కెట్ 1900లో అలాగే పుట్టింది. అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టడం, తరుగును సాసేజ్‌గా చుట్టడం వారి పని. అందుకే బ్రిస్కెట్ తడబడిన రోజున కూడా సాసేజ్ నిలబడుతుంది.

ఇంకొకటి. మొదటే పౌండ్ల కొద్దీ కొనకండి. తూకం లెక్కన అమ్మే చోట రెండు ముక్కలు కూడా అడగవచ్చు.

కొలబద్ద:

సాస్ అడగడానికి కూడా మొహమాటపడకండి. క్రాయిట్స్‌లో చాలాకాలం సాస్ ఇచ్చేవారే కాదన్న కథ విని, సాస్ అడిగితే అవమానమని కొందరు అనుకుంటారు. మన నోరు, మన డబ్బు.

కత్తిపీట:

ఆలస్యంగా వస్తున్నాను. నిదానపు నిప్పు గారూ, ముందే కోసిన ముక్కలు తూకం వేస్తున్నప్పుడు "నాకు అప్పటికప్పుడు కోసి ఇవ్వండి" అని ఎందుకు అడగలేదు? నేను అలా అడిగిన చోటల్లా మారుమాట లేకుండా కోసి ఇచ్చారు. ఒకచోట లీన్ ముక్క తిని చూసి పొడిగా ఉందని తిరిగి వెళ్లి చెబితే, కౌంటర్ వెనకాయన తానే ఒక ముక్క నోట్లో వేసుకుని, తల ఊపి, వేరే బ్రిస్కెట్ విప్పి కోసి ఇచ్చాడు. ఆ వేళ చెబితే సరిదిద్దుకునే అవకాశం వారికి ఉంటుంది. ఇంటికి వచ్చి రాస్తే మనకు చర్చ మిగులుతుంది, వారికి ఏమీ తెలియదు.

నిదానపు నిప్పు:

మీరు చెప్పినది ఒప్పుకోదగిందే, కానీ అక్కడి పరిస్థితి కూడా వినండి. నా వెనక క్యూ తలుపు దాటి వీధి మలుపు దాకా ఉంది. ఎండలో నిలబడ్డవారి చూపులన్నీ కత్తి మీదే. కూర్చుని తిన్న తర్వాత తిరిగి చెప్పాలంటే మళ్లీ ఆ వరుసను చీల్చుకుని ముందుకు వెళ్లాలి. అడగడానికి అనువైన చోటు కల్పించే బాధ్యత కొనేవాడిది కాదు కదా.

ఏమైనా, హోటల్‌కు ఆ రాత్రే ఈమెయిల్ రాశాను. ఎంత చెల్లించానో, ఏ వేళకు తిన్నానో, ముక్కలు ఎలా ఉన్నాయో మాత్రమే రాశాను, డబ్బు వెనక్కి ఇమ్మని అడగలేదు. నిన్న జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. సారాంశం ఇది: శనివారాల్లో పన్నెండు దాటాక క్యూ త్వరగా కదలడానికి లీన్ ముక్కలను కొద్దికొద్దిగా ముందే కోసి ఉంచుతారట, అవి ఎక్కువసేపు ఉండకుండా చూసుకుంటారట, ఆ రోజు అలా జరగనందుకు విచారిస్తున్నారట. పాయింట్‌లో కొవ్వు గురించి, చేదు గురించి ఒక్క మాట కూడా లేదు. మళ్లీ వస్తే భోజనం తమ ఖర్చు మీదే పెడతామన్నారు.

కొలబద్ద:

అయితే అది అనుకోకుండా జరిగిన పొరపాటు కాదన్నమాట. ప్రతి శనివారం మధ్యాహ్నం అమలు చేసే పద్ధతి. రాత్రంతా మేలుకుని వండినదాన్ని చివరి పది నిమిషాల్లో చెడగొట్టడానికి ఒక ఏర్పాటు చేసుకున్నారు, దానికి పేరు క్యూ తగ్గించడం. రెండు గంటలు నిలబడ్డవాడు ఇంకో ఇరవై నిమిషాలు నిలబడలేడా? నన్ను అడిగితే నిలబడతాను.

పాత పట్టిక:

మీరు నిలబడతారు. పసిపిల్లలతో వచ్చినవారు, తొలి ప్రయాణం గారిలా పెద్దవారిని తెచ్చినవారు నిలబడలేరు. క్యూ పొడవు చూసి వెనక్కి వెళ్లిపోయేవారి నష్టం కూడా హోటల్ లెక్కలో ఉంటుంది. నాకు కోపం తెప్పించింది ముందే కోయడం కాదు, ఆ సంగతి కౌంటర్ దగ్గర చెప్పకపోవడం. "ఇవి ఇప్పుడే తీసుకోవచ్చు, తాజాగా కావాలంటే కొంచెం ఆగాలి" అని ఒక పలక మీద రాసి పెడితే ఎవరికి కావలసింది వారు ఎంచుకుంటారు.

కత్తిపీట:

ఉచిత భోజనానికి వెళతారా?

నిదానపు నిప్పు:

వెళతాను గాని, నా డబ్బుతోనే తింటాను. వారి ఖర్చు మీద తింటే వారు నా కోసం ప్రత్యేకంగా కోసి ఇస్తారు, దాని వల్ల నాకు తెలిసేది ఏమీ ఉండదు. ఈసారి గురువారం వెళ్లాలని ఉంది.

రాత్రి షిఫ్టు:

గురువారం వెళితే బాగానే ఉండవచ్చు, కానీ దాన్ని బట్టి శనివారం సమస్య తీరిందని అనుకోకండి. లోపలి సంగతి ఒకటి చెబుతాను. ఇంకొక కోత బల్ల వేసి, ఇంకొక మనిషికి కత్తి ఇస్తే ఈ సమస్యకు పరిష్కారం దొరికినట్టేనని బయటివారికి తోస్తుంది. వంటశాలలో అన్నిటికంటే మనుషులు దొరకని చోటు అదే. కోసేవాడు ఫ్లాట్ నార ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా కోయాలి. పాయింట్ మొదలయ్యే చోట నార దిక్కు మారుతుంది కనుక అక్కడ మాంసాన్ని తిప్పి కోయాలి. ముక్క మందం పెన్సిల్ అంత ఉండాలి. కొంచెం ఎక్కువ ఉడికిన బ్రిస్కెట్ అని కత్తి దిగగానే పసిగట్టి మందంగా కోయాలి, తక్కువ ఉడికినదైతే పలచగా కోయాలి, మరీ పాడైతే తరుగుకు పంపాలి. ఇవన్నీ ఎదుట నిలబడ్డ మనిషితో మాట్లాడుతూ, తూకం తప్పకుండా చేయాలి. నేను పనిచేసిన చోట పిట్‌ల దగ్గర ఏడాది గడిపిన వారికి కూడా వారాంతంలో కత్తి ఇచ్చేవారు కాదు. మీ లీన్ ముక్క ఎత్తగానే తెగిందన్నారు. అలాంటి బ్రిస్కెట్‌ను ఆ అబ్బాయి పలచగా కోసి పేర్చి ఉంటే, ముందే కోయడంతో పాటు అతనికి ఇంకా ఆ చెయ్యి తిరగలేదని కూడా అర్థం. గురువారం వెళ్లినప్పుడు కత్తి ఎవరి చేతిలో ఉందో, ముక్కల మందం ఎలా ఉందో గమనించి ఇక్కడ రాయండి.

తొలి ప్రయాణం:

నేను కూడా గురువారానికే మార్చుకున్నాను. అమ్మకు టర్కీ, నాన్నగారికి పాయింట్ రెండు ముక్కలు, ముందు రుచి చూశాకే మిగతాది. తిన్నాక మిగిలిన ముక్కలను మర్నాడు ఎలా వేడి చేయాలో కూడా ఎవరైనా చెబితే రుణపడి ఉంటాను.

ఉప్పూ మిరియమూ:

మిగిలేట్టు ఉంటే కోసిన ముక్కలుగా కాకుండా, కోయని దిమ్మగా అడిగి కొనండి. దాన్ని చుట్టిన కాగితంతోనే గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మూత పెట్టిన పాత్రలో కొంచెం నీళ్లో రసమో పోసి, ఓవెన్‌లో 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర లోపల వేడెక్కేదాకా ఉంచండి. తినబోయే ముందే కోయండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ఫ్లాట్‌కు మిగిలిన కాస్త తడి కూడా అక్కడే పోతుంది.